ఏడు–ఒకటి, మర్నాడు

స్కోరు నాకు చెప్పకు, అంటాడు టోయివో హియెటాల
మంచు తోసే లారీ దిగి, చేతి తొడుగులు పళ్ళతో లాక్కుంటూ.
స్కోరు రాత్రే విన్నాను, రేడియోలో.
ఏడో గోలు పడ్డాక రేడియో కట్టేసి
వంతెన దాకా బండి నడిపాను, ఉత్తినే.
స్కోరు కాని సంగతేదైనా ఉంటే చెప్పు.

ఇది వెర్నా కాఫీ కొట్టు. సుపీరియర్ సరస్సు ఒడ్డు.
జనవరిలో పొద్దున ఎనిమిదైనా చీకటి వదలదు.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి కాలేజీ హాకీ జట్టు మీద
వారానికి మూడుసార్లు రాస్తున్నాను.
ఈ స్టూలెక్కిన ప్రతిసారీ
రాసేది నేనైనా, రాత వీళ్ళదని తెలిసొస్తుంది.

కోచ్ అన్నది రాయొద్దట.
కుర్రాళ్ళు కష్టపడ్డారు, శనివారం చూసుకుంటాం,
ఆ ముక్క వెర్నా కూడా చెప్పగలదు, గుడ్లు వేపుతూ.
అనబోయి మింగిందేమిటో కావాలి.
రెండో లైనును ఎందుకు కూర్చోబెట్టాడో,
లరోక్ కుర్రాడి మోకాలు నిజంగా ఎలా ఉందో.
మూడో పీరియడ్‌లో మన బెంచీ మీద
ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదే,
అది నీ కంటపడిందా,
పైన గాజు గదిలో సూప్ ఊదుకుంటున్నావా?

నిజం రాయి, అంటుంది బెర్నిస్ సోబ్‌చాక్,
రిటైరైన లెక్కల టీచరు.
పంచదార అద్దకు. మాకసలే షుగరు.
అయిదు నిమిషాలు పోయాక అదే నోటితో,
మరీ అంతలా రాయాలా? పసివాళ్ళయ్యా.

నిరుటి వాక్యం ఆవిడ మరిచిపోలేదు.
గోలీ చేతులకు వెన్న రాసుకొచ్చాడని రాశాను.
ఊరంతా నవ్వింది. బార్బరు కత్తిరించి అద్దానికంటించాడు.
వారం తిరక్కుండా ఆ నవ్విన చేతుల్లోదే ఒక వేలు
నా కారు మీది మంచులో రాసింది:
సిగ్గు లేదా.

టోయివో తేల్చేశాడు.
మా ఇంట్లో మేం తిట్టుకుంటాం. నువ్వు అచ్చు వెయ్యకు.
నేనూ ఈ ఊరివాణ్ణేగా, ఇరవై రెండేళ్ళు?
అవును. అందుకే మంచు మీద రాశారు.
అద్దం పగలగొట్టలేదు.

పేర్లలో ఒత్తు జారకూడదు.
నాలుగో లైను కుర్రాడు ఏడాదికి ఒక్క గోలు కొడతాడు,
ఆ రోజు వాళ్ళ తాత పేపరు పది కాపీలు కొంటాడు.
తప్పు పడితే పదిసార్లు తప్పు.
పెద్ద నగరం విలేఖరుల్లా
గనులు మూతపడి చచ్చిన ఊరని మొదలెట్టకూడదు.
చచ్చినవాళ్ళం కాఫీకి డబ్బులిస్తామా, అంటుంది బెర్నిస్,
చిల్లర లెక్కపెడుతూ.

నా జేబులో ఒక ఉత్తరం ఉంది. వీళ్ళకు చెప్పలేదు.
సస్కాచెవాన్ నుంచి, మార్లిస్ గెర్‌బ్రాంట్,
ధాన్యం లారీ నడుపుతుందట.
ఆ వెన్న చేతుల ట్రెంట్‌కి అక్క.
తిడుతుందనుకుని రెండు రోజులు విప్పలేదు.

మీ పేపరు మాకు అయిదు రోజులు ఆలస్యం.
స్కోరు వాడే ఫోన్ చేసి చెప్తాడు. బాగానే ఉన్నానంటాడు.
పళ్ళు రెండు ఊడిన రోజూ బాగానే ఉన్నానన్నాడు.
ఓడిన రాత్రి బస్సులో
వాడి పక్కన ఎవరు కూర్చుంటారో
తెలిస్తే ఒక్క ముక్క రాయండి.

నిన్న రాత్రి ఆ బస్సులో నేనూ ఉన్నాను.
మూడు గంటల దారి. వైపర్లకు మంచు గడ్డకట్టి
డ్రైవరు రెండుసార్లు దిగాడు.
మూడో వరుసలో ట్రెంట్. పక్కన ఆజీ,
కర్రలకూ కత్తులకూ సాన పట్టే ముసలాయన.
మాటల్లేవు.
ఆజీ జేబులోంచి వాడేసిన టేపు తీసి
ఉండలా చుట్టి, వాడి ఒళ్ళో వేశాడు.
వాడు తిరిగి వేశాడు.
ఇటూ అటూ, చాలాసేపు.
ఒక్కసారీ కింద పడలేదు.

నోటుబుక్కులో అదే రాసుకుంటున్నాను, కాఫీ చల్లారుతుంటే.
టోయివో మెడ వంచి, తలకిందులుగా, పెదాలు కదుపుతూ
చివరిదాకా చదివాడు.
ముక్కు తుడుచుకున్నాడు.

బాగానే ఉంది గాని,
స్కోరేదీ?